గాలి పైపులో నూనె మడ్డి: టర్బో పోయిందని చెప్పే ముందు

(ఆటోనగర్‌లో యువ మెకానిక్‌లు, డ్రైవర్ల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చేత్తో చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి, దగ్గరగా ఉంటేనే కనపడతాయి.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. డీజిల్ కారు షెడ్డుకి వచ్చింది. పికప్ లేదన్నాడు, నల్లపొగ వస్తోందన్నాడు. మీరు బానెట్ ఎత్తారు. ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బోకి, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఫ్యానుకి, వెళ్ళే రబ్బరు పైపు క్లిప్పు వదులు చేసి లాగారు. లోపల వేలు పెడితే జిడ్డు. నల్లటి నూనె. మొదట మన నోట్లోంచి వచ్చే మాట ఏమిటి? చెప్పండి, ఫర్వాలేదు. "టర్బో పోయింది." అంతే కదా? ఏ ఊరు వెళ్ళినా ఇదే మాట వింటున్నాను. ఆ మాట విన్నప్పుడు డ్రైవరు ముఖం చూశారా ఎప్పుడైనా? బండి ఫైనాన్స్‌లో ఉంటుంది. నెలనెలా వాయిదా కట్టాలి. టర్బో అంటే వేలల్లో ఖర్చు, పైగా అన్ని రోజులూ బండి తిరగదు. కాబట్టి ఆ మాట అనే హక్కు మనకి ఎప్పుడు వస్తుంది? అన్నీ చూశాక వస్తుంది. ఏవేవి చూడాలో, ఏది ముందు చూడాలో చెప్పడానికే వచ్చాను.

మీరు వేలు పెట్టిన పైపు ఎక్కడుంది? ఫిల్టరుకీ టర్బోకీ మధ్యన. అంటే గాలి ఇంకా టర్బో దాకా వెళ్ళనే లేదు. టర్బోకి ముందున్న పైపులో నూనె ఉంటే, ఆ నూనెని టర్బో ఎలా పోసింది? ఆలోచించండి. గాలి ముందుకి పోతుంది గానీ వెనక్కి రాదు కదా. మరి ఆ నూనె ఎక్కడిది? అదే పైపుకి పక్కనుంచి ఇంకో సన్నపాటి పైపు వచ్చి కలుస్తుంది. టాపెట్ కవర్, అంటే ఇంజిన్ పైమూత, మీది నుంచి వస్తుంది. బ్రీదర్ పైపు. నూటికి తొంభై మంది దాని వైపే చూడరు.

ఈ బ్రీదర్ ఎందుకుందో తెలిస్తే మిగతా కథంతా దానంతట అదే తెలుస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఎంత కొత్తవైనా, సిలిండరులో మంట మండినప్పుడు కొంత గ్యాసు రింగుల పక్కనుంచి కిందికి జారి క్రాంక్ కేసులోకి, అంటే క్రాంక్ తిరిగే కింది గదిలోకి, దిగుతుంది. బ్లోబై అంటాం. కొత్త ఇంజిన్‌లోనూ ఉంటుంది, లేని ఇంజిన్ లేదు. కింద క్రాంక్ తిరుగుతూ ఆయిల్‌ని చిమ్ముతూ ఉంటుంది. ఆ తుంపర ఈ గ్యాసులో కలుస్తుంది. ఇప్పుడు ఈ గ్యాసు ఎటో ఒకవైపు బయటికి పోవాలి. పోకపోతే లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్ సీళ్ళని, గ్యాస్కెట్లని తోసేస్తుంది. పాత రోజుల్లో ఒక గొట్టం పెట్టి కిందికి, రోడ్డు మీదికి వదిలేసేవాళ్ళు. లాస్ ఏంజెలెస్‌లో పొగమంచు సమస్య ముదిరాక, 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో ఆ గ్యాసుని మళ్ళీ ఇంజిన్‌కే తాగించే ఏర్పాటు వచ్చింది. పెట్రోలు బండిలో దాని పేరు పీసీవీ వాల్వు. కార్ల కాలుష్యం మీద వచ్చిన మొదటి ఏర్పాటు అదే. ఆ తర్వాత క్రమంగా కార్లన్నీ తమ క్రాంక్ కేసు గ్యాసుని తామే పీల్చుకోవడం మొదలుపెట్టాయి. దాంతోపాటు కాస్త నూనె కూడా. అందుకని పైపు గోడలకి పలచటి నూనె పొర ఉంటే అది జబ్బు కాదు. వేలికి అంటాలి, అంతే. కారకూడదు, మడుగు కట్టకూడదు.

మరి నల్లటి మడ్డి ఎక్కడిది? అది ఇంకా ముందుకి, గాలిని సిలిండర్లకి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర కనపడుతుంది. ఈ డీజిల్ ఇంజిన్లకి ఈజీఆర్ ఉంటుంది. సైలెన్సర్ వైపు వెళ్ళాల్సిన పొగలో కొంత తెచ్చి మళ్ళీ లోపలికి ఇస్తుంది, నైట్రోజన్ ఆక్సైడులు తగ్గడానికి. ఆ పొగలో మసి ఉంటుంది. ఇటు బ్రీదర్ నుంచి నూనె తుంపర. రెండూ మానిఫోల్డ్‌లో కలుస్తాయి. మన వంటింట్లో పొయ్యి పైన గోడ చూడండి. తాలింపు నూనె ఆవిరి ఒక్కటే అయితే తుడిస్తే పోతుంది. దానికి మసి తోడైతే? గీకాల్సిందే. మానిఫోల్డ్‌లో జరిగేదీ అదే. రోజూ ఊళ్ళోనే, తక్కువ స్పీడులో, ట్రాఫిక్‌లో తిరిగే బండిలో ఇంకా తొందరగా పేరుకుంటుంది. లోపలి దారి సగానికి సగం మూసుకుపోయిన మానిఫోల్డులు మీరూ చూసి ఉంటారు. ఆ బండికి పికప్ ఎక్కడి నుంచి వస్తుంది? గాలే లేదు కదా.

కొంతమంది ఏం చేస్తున్నారు? ఈజీఆర్‌కి రేకు ముక్క అడ్డం పెట్టేస్తున్నారు. నేను దీనికి ఒప్పుకోను. మసి ఆగుతుంది, నిజమే. బ్రీదర్‌లో నూనె ఎందుకు ఎక్కువ వస్తోందో ఆ జబ్బు అలాగే ఉండిపోతుంది. బండి వదిలే విషవాయువు పెరుగుతుంది. ఆ గాలి పీల్చేది మన పిల్లలే. పైగా ఫ్లో రావట్లేదని కంప్యూటరు పట్టుకుని ఇంజిన్ లైటు వెలిగిస్తుంది.

సరే, ఇప్పుడు నూనె దారి పట్టుకుని నడుద్దాం. పైపు ఎక్కడిదాకా పొడిగా ఉంది, ఎక్కడి నుంచి తడిగా మారింది? మీరు వెతకాల్సింది ఆ హద్దుని. మడ్డి ఎక్కడ పేరుకుందో చూస్తే అది చివరి మజిలీ మాత్రమే. ఫిల్టరు నుంచి బ్రీదర్ కలిసే చోటిదాకా పొడిగా ఉండి, అక్కడి నుంచి తడి అయితే, నూనె బ్రీదర్‌ది. బ్రీదర్ దగ్గర, టర్బో నోటి దగ్గర అంతా దాదాపు పొడిగా ఉండి, టర్బో దాటాక మాత్రం నూనె కారుతుంటే, అప్పుడు టర్బోని అనుమానించండి. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌లో నూనె ఉందని మాత్రం టర్బో మీద తీర్పు చెప్పకండి. చాలా బండ్లలో ఇంటర్‌కూలర్ కింద ఉంటుంది, ఎక్కడ కారినా అక్కడికే దిగుతుంది.

ఒక బండి సంగతి చెప్తాను. ట్యాక్సీ నడుపుకునే ఒకాయనది, డీజిల్ సెడాన్. వేరే చోట టర్బో మార్పించాడు. కొన్నాళ్ళకి మళ్ళీ అదే నూనె, అదే పొగ. కొత్త టర్బో కూడా లీక్. ఈ సారి ఇంజిన్ బోరు అయిపోయింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి, దించాలి అన్నారట. ఎలా తేల్చారు? ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి తిరగేసి పెట్టారు. మూత ఎగిరిపడింది. ఎగిరిపడితే రింగులు పోయినట్టే అని లెక్క. మనందరికీ తెలిసిన పరీక్షే ఇది. కానీ ఇంజిన్‌లోంచి గ్యాసు పోవడానికి రెండు దారులున్నాయి, ఒకటి బ్రీదర్, ఇంకోటి మీరు విప్పిన మూత. బ్రీదర్ దారి మూసుకుపోతే? మొత్తం గ్యాసూ మూత దగ్గరికే వస్తుంది. మంచి ఇంజిన్ మూత కూడా ఎగురుతుంది. పైగా డీజిల్‌కి మామూలుగానే బ్లోబై ఎక్కువ. ఆ బండిలో జరిగింది అదే. టాపెట్ కవర్‌లో ఆయిల్ వడగట్టే సెపరేటర్ ఉంటుంది, అది మడ్డితో పూర్తిగా బిగుసుకుపోయింది. కవర్ మార్చాక మూత అదే చోట కాస్త కదిలి ఊరుకుంది.

మరి టర్బో ఎందుకు లీకయింది, కొత్తదే కదా? ఇది బాగా వినండి. టర్బో షాఫ్టుకి రబ్బరు సీలు ఉండదు. పిస్టన్ రింగు లాంటి సన్నటి రింగు ఉంటుంది. అది నూనెని పూర్తిగా ఆపదు. నూనె ఆగేది ప్రెషర్ తేడా వల్ల, కింద రిటర్న్ పైపు సాఫీగా ఉండటం వల్ల. టర్బోకి ఆయిల్ పంపు ప్రెషర్‌తో వస్తుంది గానీ, తిరిగి సంపులోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే గిన్నెలోకి, మాత్రం దాని బరువుతో అదే కారాలి. సంపులో ప్రెషర్ పెరిగితే ఆ నూనె కిందికి దిగలేదు. దిగలేక టర్బోలో నిండి షాఫ్టు పక్కనుంచి రెండు వైపులా బయటికి వస్తుంది. కొత్త టర్బో అయినా అంతే, ఎంత ఖరీదైనదైనా అంతే. రిటర్న్ పైపు ఫ్లాంజికి సిలికాన్ పేస్టు మందంగా పూసి బిగిస్తే ఆ పేస్టు లోపలికి ఉబ్బి దారి మూసినా ఇదే గతి. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా ఇదే. టర్బో గాలి కోసం లాగుతుంది, గాలి దొరకదు, పక్కనున్న నూనెని లాగుతుంది. చీమకుర్తి క్వారీల వైపు, సిమెంటు ఫ్యాక్టరీల వైపు తిరిగే బండ్లకి ఫిల్టరు ఎన్ని కిలోమీటర్లకి మార్చాలని పుస్తకంలో రాసి ఉంటే అన్నాళ్ళు ఆగకండి. గాలి కొట్టి మళ్ళీ మళ్ళీ వాడకండి. కాగితం చిరిగితే దుమ్ము నేరుగా రింగులనే తింటుంది.

టర్బోని చూడాల్సి వస్తే ఎలా చూడాలి? ఇంజిన్ ఆపేసి, చల్లారాక, పైపు తీసి వీల్‌ని వేళ్ళతో పట్టుకోండి. పక్కలకి కొంచెం కదులుతుంది. బేరింగులో నూనె పొర ఉండాలి గనక ఆ కొంచెం కదలిక ఉండాల్సిందే, భయపడొద్దు. కానీ వీల్ రెక్క హౌసింగుకి తగలకూడదు. ముందుకీ వెనక్కీ లాగితే మాత్రం కదిలిందా లేదా అన్నట్టే ఉండాలి. స్పష్టంగా టక్ టక్ అంటే అది పోయినట్టే. అప్పుడు చెప్పండి టర్బో పోయిందని. అప్పుడు ధైర్యంగా చెప్పండి.

ఇప్పుడు క్రాంక్ కేసు ప్రెషర్. మూత ఎగిరిందా లేదా అన్నది కళ్ళతో వేసే అంచనా. దానికి కొలత ఉంది. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన పైపు తెలుసు కదా? అదే చాలు. పనికిరాని ఆయిల్ మూత ఒకటి తీసుకుని, దానికి బెజ్జం వేసి, చిన్న నిపుల్ బిగించండి. గాలి బయటికి పోకుండా అతికించండి. ఆ నిపుల్‌కి పైపు తగిలించి, పైపుని కిందికి దింపి మళ్ళీ పైకి తెచ్చి నిలబెట్టి, వంపులో నీళ్ళు పోయండి. రెండో చివర తెరిచే ఉంచాలి. బండి స్టార్ట్ చేయక ముందు రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టంలో ఉంటాయి. స్టార్ట్ చేశాక తెరిచిన వైపు నీళ్ళు పైకి లేస్తే లోపల ప్రెషర్. ఇంజిన్ వైపు లేస్తే లోపల లాగుడు. రెండు మట్టాల మధ్య ఒక సెంటీమీటరు తేడా అంటే ఇంచుమించు ఒక మిల్లీబార్. ఐడిలింగ్‌లో చూడండి, తర్వాత రేజ్ చేసి చూడండి. ఎంత ఉండాలో కంపెనీ మాన్యువల్ చెప్తుంది, ఇంజిన్‌కో లెక్క. సాధారణంగా అయితే కొద్దిగా లాగుడు గానీ సున్నా దగ్గర గానీ ఉండాలి. రేజ్ చేస్తుంటే నీళ్ళు పైపులోంచి పొంగుతున్నాయంటే ఆగండి, బ్రీదర్ పైపు ఊడదీసి మళ్ళీ చూడండి. ఊడదీయగానే ప్రెషర్ పడిపోతే రింగులది తప్పు కాదు, దారి మూసుకుపోయింది. ఊడదీసినా ఆ పైపులోంచి బుసబుసా పొగ వస్తూ ప్రెషర్ అలాగే ఉంటే, అప్పుడు రింగుల మాట ఎత్తండి.

పెట్రోలు బండికి ఈ పైపు పెట్టేటప్పుడు జాగ్రత్త. పైపు బాగా ఎత్తుగా పెట్టండి. సెపరేటర్‌లో డయాఫ్రం, అంటే పలచటి రబ్బరు పొర, చిరిగితే మానిఫోల్డ్ వ్యాక్యూమ్ మొత్తం క్రాంక్ కేసుని లాగుతుంది, నీళ్ళు ఇంజిన్‌లోకి పోగలవు. అలాంటి బండిని ముందే గుర్తుపట్టొచ్చు. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీయబోతే రాదు, గట్టిగా పట్టుకుంటుంది. సన్నగా ఈల వినిపిస్తుంది. స్కానర్ పెడితే మిశ్రమం పలచన అని, పీ0171 అని వస్తుంది.

రింగుల మాట వచ్చింది గనక. కంప్రెషన్ చూస్తారు, మంచిదే. పెట్రోలు సిలిండరులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే రీడింగు పెరిగితే రింగులు అని తెలుస్తుంది. డీజిల్‌లో ఇది చేయకండి. పైన చోటు చాలా తక్కువ, పిస్టన్ ఎంత నొక్కినా నూనె కుంచించుకుపోదు. కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. డీజిల్‌కి లీక్‌డౌన్ మంచిది. పిస్టన్‌ని పైకి తెచ్చి, క్రాంక్ తిరగకుండా కట్టి, కంప్రెసర్ గాలి ఇచ్చి చెవి పెట్టి వినండి. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు. ఇన్‌టేక్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్.

ఇంకో సంగతి, ఇది చాలామంది వదిలేస్తున్నది. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, తీయండి. ఏ పైపూ ఊడదీయక ముందే తీయండి! ఆయిల్ ఎక్కువైతే క్రాంక్ దాన్ని కొట్టి నురగ చేస్తుంది, ఆ నురగ బ్రీదర్ దారి పడుతుంది. "కాస్త ఎక్కువ పోస్తే మంచిదే కదా" అని పోసేవాళ్ళున్నారు. మంచిది కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధన వచ్చింది కదా, ఆ డీజిల్ కార్లలో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు, ఉంటుంది. అందులో మసి కాల్చడానికి చాలా బండ్లు సిలిండరులోకి అదనంగా డీజిల్ చల్లుతాయి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేసే బండిలో ఆ కాల్చే పని మధ్యలో ఆగిపోతుంటుంది. మండని డీజిల్ గోడల వెంట సంపులోకి దిగుతుంది. ఎవరూ పోయకుండానే ఆయిల్ మట్టం పెరుగుతుంది. మ్యాక్స్ గీత దాటుతుంది. తీసి వాసన చూడండి, డీజిల్ వాసన. వేళ్ళ మధ్య రాస్తే నీళ్ళలా జారుతుంది. అది తుంపరగా పైపులోకి ఇంకా ఎక్కువ వస్తుంది. దానికి మందు ఆయిల్ మార్చడం, బండిని అప్పుడప్పుడు హైవే మీద ఆపకుండా నడిపించడం. దానికి టర్బో మారిస్తే ఆ డబ్బు వృథా.

ఆయిల్ నాణ్యత కూడా చూడండి. నూనె వేడికి ఎంత ఆవిరవుతుందో కొలిచే పరీక్ష ఉంది, నోయాక్ అంటారు. 250 డిగ్రీల దగ్గర గంట సేపు ఉంచి ఎంత బరువు తగ్గిందో చూస్తారు. డీపీఎఫ్ బండ్లకి చెప్పే సీ3 అనే రకం ఆయిల్‌లో ఆ నష్టం 13 శాతం దాటకూడదు. లూజుగా అమ్మే ఆయిల్‌కి ఆ హామీ ఎవరిస్తారు?

అక్కడ చేయెత్తిన తమ్ముడు అడుగుతున్నాడు, మడ్డి తెల్లగా ఉంటే ఏమిటని. మంచి ప్రశ్న. తెల్లగా, లేత పసుపుగా నురగలా ఉంటే నూనెలో నీళ్ళు కలిశాయని. చలి దేశాల్లో, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆపేసే బండ్లలో మూత కింద ఇది మామూలే. అక్కడున్న మన వాళ్ళు ఫొటోలు తీసి కంగారుగా పంపుతుంటారు. ఓ గంట హైవే మీద తిప్పమంటే చాలాసార్లు పోతుంది. మన ఎండల్లో మాత్రం అంత తేలిగ్గా తీసుకోకండి. కూలెంట్ డబ్బాలో మట్టం గుర్తు పెట్టి చూడండి. తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్, ఈజీఆర్ పొగని కూలెంట్‌తో చల్లార్చే ఈజీఆర్ కూలర్ రెండూ చూడాలి.

పెట్రోలు బండిలో ఒక గుర్తు చెప్తాను, చాలా పనికొస్తుంది. ఎయిర్ ఫిల్టరు డబ్బాలోనే నూనె కనపడిందా? అంటే గ్యాసు ఎదురు నడిచింది. అసలు ఆ డబ్బా నుంచి ఇంజిన్‌కి వెళ్ళే బ్రీదర్ పైపు లోపలికి మంచి గాలి ఇవ్వాలి. పీసీవీ వాల్వు మూసుకుపోతేనో, అది లాగగలిగినదాని కంటే బ్లోబై ఎక్కువైతేనో వెనక్కి వస్తుంది. వాల్వు తీసి ఊపితే లోపల గలగలమనాలి. అనకపోతే మార్చేయండి, వందల్లో పని. గలగలమన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు, ఐడిలింగ్‌లో దాని మీద వేలు పెట్టి లాగుడు ఉందో లేదో కూడా చూడండి.

ఇక శుభ్రం చేయడం. కారణం దొరక్కుండా శుభ్రం చేయకండి, సాక్ష్యం పోతుంది. దొరికాక మొత్తం తుడిచి, డిప్‌స్టిక్ మట్టం రాసుకుని, ఓ 500 కిలోమీటర్లు తిరిగి రమ్మనండి. వచ్చాక మళ్ళీ అదే పైపు ఊడదీసి చూడండి. లోపలికి వచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ మీద కార్బ్ క్లీనర్ కొట్టకండి, దానికి వేరే స్ప్రే ఉంది.

ఇంటర్‌కూలర్ విషయంలో మాత్రం బతిమాలి చెప్తున్నాను. బండి నుంచి దించి కడగండి, పూర్తిగా ఆరాకే బిగించండి. అందులో నూనె గానీ, కడిగిన పెట్రోలు, డీజిల్ గానీ మిగిలితే, రేజ్ చేయగానే ఇంజిన్ దాన్ని లాగి మండిస్తుంది. డీజిల్ ఇంజిన్‌ని తాళం తిప్పి ఆపుతాం, ఎందుకు ఆగుతుంది? డీజిల్ ఆపేస్తాం గనక. మరి అది నూనె తాగి తిరుగుతుంటే తాళం ఏం చేస్తుంది? ఏమీ చేయదు. ఇంజిన్ దానంతట అదే అరుస్తూ పైకి పోతుంది, పేలేదాకా. గేర్ల బండి అయితే, ముందు మనుషుల్ని తప్పించి, బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి క్లచ్ వదిలేయండి, నొక్కుకుని ఆగిపోతుంది. ఆటోమేటిక్‌కి ఆ దారి లేదు, గాలి ఆపాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఇన్‌టేక్‌లోకి కొట్టాలి. చెయ్యి గానీ గుడ్డ గానీ ఇన్‌టేక్‌కి అడ్డం పెట్టొద్దు. ఆ లాగుడికి వేళ్ళు మిగలవు. ఏదీ కుదరకపోతే దూరంగా వెళ్ళిపోండి. ఇంజిన్ పోతే పోనివ్వండి. ప్రతి షెడ్డులో ఆ సిలిండరు ఒకటి ఉండాలి, ఓనర్లు ఇక్కడున్నారు, వింటున్నారు కదా అన్నా?

చాలా చెప్పాను. చెప్పింది చేసి చూడాలి. షెడ్డు గుమ్మం దగ్గర రెండు బండ్లు పెట్టించాం, ఒకటి డీజిల్, ఒకటి పెట్రోలు. మూత, పైపు, నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. డీజిల్ బండికి ముందు పెడదాం. నలుగురు నలుగురుగా రండి, ఎవరి రీడింగు వాళ్ళు రాసుకోండి.